ఎర్రగుట్ట బంగళా నుంచి నెమలికోన బంగళాకు

పొద్దు ఇంకా కొండ దాటలేదు. ఎర్రగుట్ట అటవీ బంగళా వసారాలో కూర్చోని చెంగల్రాయుడు చెప్పుల వారు బిగించుకుంటా ఉంటే, వంటింట్లోంచి పెండ్లాం మునిలక్ష్మి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకోని, భుజాన సంచి తగిలించుకోని బయటికొచ్చింది.

"పద, నేనూ వస్తా ఉండా" అనింది.

"యాడికి?"

"నెమలికోనకే. ఆడ వంట చేసే వరలక్ష్మమ్మ కూతురి కాన్పుకని ఊరికి పోయిందంట. వచ్చినోళ్ళకు రాత్రికి ఎవరు వండి పెడతారు, నువ్వా?"

చెంగల్రాయుడికి ఒళ్ళు మండింది. ముప్పై నాలుగేండ్ల కాపురంలో ఒక్క దినం గూడా ఈ దారిన అడుగు పెట్టని మనిషి, రాక రాక ఈ దినమే రావాల్నా? ఇంకో దినమైతే నెత్తిన పెట్టుకోని తీసుకుపోయేవాడు. ఈ దినం మాత్రం ఆమె పక్కనుంటే తన గుట్టు బయటపడిపోతాదని భయం.

ఆ గుట్టేందో మీకు చెప్పేస్తా, దాచి నేనేం చేసుకోవాల? చెంగల్రాయుడికి కండ్లు కనబడవు. రెండేండ్ల కిందట షుగరు కండ్లలోకి దిగింది. మొదట దూరపు కొండలు అలుక్కుపోయినాయి, తర్వాత చెట్ల ఆకులు, ఆ తర్వాత మనుషుల మొగాలు. ఇప్పుడు మిగిలింది వెలుగూ నీడా, రవ్వంత రంగూ. తిరపతిలో కండ్ల డాక్టరు సూదులు వేసి, "ఉన్నది నిలబడుతుంది పెద్దాయనా, పోయింది మాత్రం రాదు" అని మొగమాటం లేకుండా చెప్పేసినాడు. ఆ మాట ఈయన ఇంట్లో చెప్పలేదు, ఆఫీసులో అసలే చెప్పలేదు. చెప్తే ఏమైతాది? చెక్‌పోస్టు తావ కుర్చీ వేసి కూర్చోబెడతారు, లేదంటే ఇంటికి పంపించేస్తారు. ఆ రెండిట్లో ఏదైనా ఈయనకు చావుతో సమానమే.

ఎర్రగుట్టకూ నెమలికోనకూ నడుమ పదహారు కిలోమీటర్ల కొండదారి. చెంగల్రాయుడి నాయన మునివెంకటప్ప ఆ దారిలో వాచరుగా నడిచి నడిచి ముసలోడైనాడు. ఆయన ఎనక చెంగల్రాయుడు. ఆఫీసు కాగితాలు మోసినాడు, బియ్యం మోసినాడు, కిరసనాయిలు డబ్బాలు మోసినాడు, ఒకసారి జ్వరమొచ్చిన గార్డును వీపున వేసుకోని మోసినాడు. ఇప్పుడు ఆ దారిని జనానికి తెరవాలని పైనుంచి ఆర్డరొచ్చింది. ఒక బంగళాలో పడుకోని, పొద్దున్నే అడవిలో నడిచి, సాయంత్రానికి ఇంకో బంగళా చేరేది. వాళ్ళకు దారి చూపించేది ఎవరని తేల్చడానికి కొత్తగా వచ్చిన సెక్షన్ ఆఫీసరు సుజన ఈ దినం తానే నడుస్తా ఉండాది. సరిగ్గా తీసుకుపోతే దారి చెంగల్రాయుడిది. యాడన్నా తేడా వస్తే ఇంక ఈ అడవిలో ఆయనకు పని లేదు.

అతిథులు ఇద్దరే. తిరపతిలో స్టీలు సామాన్ల అంగడి పెట్టుకున్న చక్రధర్, ఆయన భార్య రేవతి. అంగడికి మూడు దినాలు తాళం వేసి, కొత్త బూట్లు కొనుక్కోని, పెండ్లికి పోయినంత సంబరంగా వచ్చినారు. సుజన పూతలపట్టు పక్క రైతుల బిడ్డ. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆ చూపే చెంగల్రాయుడికి భయం.

"పోదామా అన్నా?" అనింది సుజన.

చెంగల్రాయుడు కట్టెతో నేలను ఒకసారి తట్టి, ముందు నడిచినాడు.

కండ్లు లేకుండా ఎట్ల నడుస్తాడప్పా అని మీరు అడగొచ్చు. నడుస్తాడు. పాదాలకు తెలుసు. గేటు దాటినాక మూడొందల అడుగులు ఎర్రమట్టి, మెత్తగా ఉంటాది. ఆ తర్వాత గులకరాళ్ళు. అవి అయిపోయే తావ ఎడమ చెంపకు చల్లగా తగిలితే అది నీళ్ళు పారే వంక. జాలారి చెట్ల కింద గాలి వేరే, ఎర్రచందనం చెట్ల కింద గాలి వేరే. బోదగడ్డి తొక్కితే నిమ్మకాయ కోసిన వాసనొస్తాది. ఆ వాసన రావాల్సిన చోట రాలేదంటే దారి తప్పినట్టే. ఇంక మలుపుల్లో, గడ్డి కమ్మేసి దారి తెలీని చోట్లలో, రాళ్ళ గుర్తులుండాయి. మునివెంకటప్ప కాలంలో పెట్టినవి. ఒకదాని మీద ఒకటి మూడు రాళ్ళు. చూపున్నప్పుడు చెంగల్రాయుడు వాటిని చూసి పోయేవాడు, ఇప్పుడు కట్టెతో తట్టి లెక్కపెట్టుకుంటా పోతాడు.

తెల్లారే వెలుతురులో నడవడం ఆయనకు ఎప్పుడూ ఇష్టమే. ఇప్పుడు మరీ ఇష్టం, ఎందుకంటే ఆ గంటసేపు కండ్లున్నోళ్ళకు గూడా అంతా మసకే. చెట్ల నడుమ మంచు పారతా ఉండాది. పచ్చదనం ఒక ముద్ద, ఆకాశం ఒక ముద్ద, ఆ రెంటి నడుమ తాను ఈదుకుంటా పోతా ఉన్నట్టుండాది. ముందర ఏదో ఎర్రగా కదిలింది. పూవా, పిట్టా, గాలికి ఊగే లేతాకా? ఏదైతేనేం, ఎర్రగా ఉండాది, బాగుండాది. కండ్లు బాగున్న కాలంలో దాన్ని చూసి 'ఓహో, మోదుగ పువ్వు' అనుకోని దాటిపోయేవాడు. ఇప్పుడు దానికి పేరు లేదు గాబట్టి చానాసేపు దాని కల్లా చూస్తా నడిచినాడు. చూపు పోతా ఉంటే అడవి ఇంకా అందంగా అయిపోతా ఉండాదే, ఇది ఎవరితో చెప్పుకునేది?

పైన కొమ్మల్లో కిటకిటమని అరుపు వినబడింది. "అదిగో బెట్లుడుత! పొడుగు తోక, సూడండి" అని చెంగల్రాయుడు కట్టె ఎత్తి అరుపొచ్చిన దిక్కు చూపించినాడు.

"అబ్బ! ఏం కండ్లు పెద్దాయనా నీవి!" అన్నాడు చక్రధర్.

ఆ మెప్పు చెంగల్రాయుడికి ముల్లు మాదిరి గుచ్చుకుంది. కట్టె దించి ముందుకు పోయినాడు.

ఇంత బాగుండే అడవిలో ఒక్కటే పీడ, మునిలక్ష్మి నోరు. ఇంట్లో గంటకొక మాట మాట్లాడే మనిషికి ఈ దినం ఏం పుట్టిందో ఏమో, ఆయన పక్కనే నడుస్తా ఒకటే గొణుగుడు.

"అబ్బబ్బా, ఈ బండ ఏంది ఇంత అడ్డంగా పడుండాది! మోకాలెత్తుండాదే!"

"ఓ యమ్మా, ఎంత లావు వేరో సూడు, దారికి అడ్డంగా!"

"ఈడ గుంతలో నీళ్ళు నిలబడుండాయి. ఎడమ పక్కకు పోకపోతే నా చీర బురదే!"

"ఏం మే, గమ్మున రాలేవా?" అని కసిరినాడు చెంగల్రాయుడు. "ఇట్ల వాగితే ఏనుగులొస్తాయి."

"రానీ. వాటికీ వండి పెడతా" అనింది ఆమె. రేవతి పకపకా నవ్వింది. సుజన మాత్రం నవ్వలేదు. ఆమె ఎటు చూస్తా ఉండాదో తెలీక చెంగల్రాయుడు లోలోపల బిగుసుకుపోయినాడు.

మజ్జాన్నానికి ఉసిరివంక చేరినారు. ఆడ నీళ్ళు రాళ్ళ మీద పడి మెల్లగా మాట్లాడతా ఉంటాయి. మునిలక్ష్మి సంచిలోంచి ఆకులు తీసి, పులుసన్నం, ఊరమిరపకాయలు వడ్డించింది. చక్రధర్ మూడుసార్లు పెట్టించుకున్నాడు. తినేసి చేయి కడుక్కున్నాక రేవతి వంకలో దిగి చదును రాళ్ళు ఏరుకొచ్చి, ఒడ్డున ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టింది.

"ఏందమ్మా అది?" అని మునిలక్ష్మి అడిగింది. అడగాల్సిన పని లేదు, ఆమెకూ తెలుసు.

"ఇల్లు అక్కా. కొండ మీద ఇట్లా రాళ్ళు పేరిస్తే సొంతిల్లు అమరుతుంది కదా. పన్నెండేళ్ళుగా బాడిగింట్లోనే ఉన్నాం. ప్రతి కొండ మీదా కడుతూనే ఉన్నా."

"అడుగున పెద్దరాయి పెట్టు, లేకపోతే మిద్దె పడిపోతాది" అని మునిలక్ష్మి తానూ ఒక రాయి తెచ్చిచ్చింది. మన చిత్తూరు పక్క జనాన్ని కొండెక్కిస్తే అంతే. రెండు రాళ్ళు కనబడితే చాలు, చేతులు ఊరుకోవు. బాడిగిల్లు గలోళ్ళు ఒక అంతస్తు కడతారు, సొంతిల్లు గలోళ్ళు రెండో అంతస్తు కడతారు.

వాళ్ళు అట్ల ఇల్లు కట్టుకుంటా ఉంటే చెంగల్రాయుడు నేరేడు చెట్టు కింద కండువా పరుచుకోని ఒరిగినాడు. రెప్పలు మూసినా తెరిచినా ఒకటే వెలుగు, నీళ్ళలో పాలు కలిపినట్టు. ఆ వెలుగులో నాయన నడిచొచ్చినాడు. భుజాన గొంగడి, నోట్లో చుట్ట. తనను మొదటిసారి ఈ దారిన తీసుకొచ్చినప్పుడు తనకు పదేండ్లు. "ఇది అడుగు కాదురా, మాట. నేలకు ఒక్కో మాట చెప్తా పోవాల" అని చెప్పినాడు నాయన. అప్పుడు అర్థం కాలేదు. కలలో ఇంకా ఏందో అడగబోయినాడు. నాయన మొగం గూడా మసకగానే ఉండాది, చుట్ట వాసన మాత్రం సరిగ్గా ఉండాది. సుజన పిలిస్తే ఉలిక్కిపడి లేచినాడు.

ఉసిరివంక దాటితే ఎక్కుడు, ఎక్కుడు దాటితే కొండ నెత్తిన గడ్డిమైదానం. ఆడ చెట్లుండవు, నేల అంతా ఒకటే మాదిరి. పాదాలకు గూడా తెలీని చోటు అదొక్కటే. అందుకే ఆడ వరసగా రాళ్ళ గుర్తులు. పదకొండు. పదకొండోది రాగానే కుడి తట్టు తిరిగి గడ్డిలోకి పోతే, మెట్ల మాదిరి రాళ్ళుంటాయి. అవి దిగితే నెమలికోన.

ఎండ మెత్తగా ఉండాది. గాలి గడ్డిని దువ్వతా పోతా ఉండాది. చెంగల్రాయుడి కట్టెకు ఒకటో గుర్తు తగిలింది, రెండోది తగిలింది. మూడు, నాలుగు, ఐదు. ఈ దినం దారి ఎంత తొందరగా జరిగిపోతా ఉండాదో! అడుగు వేస్తే గుర్తు తగులుతా ఉండాది. వంక తావ పడిన కల ఇంకా ఒంటి మీద నుంచి దిగలేదు. నాయన పక్కనే నడుస్తా ఉన్నట్టే ఉండాది. ఎనక మునిలక్ష్మి, "అబ్బా, ఎన్ని రాళ్ళ కుప్పలో" అనింది. ఆ మాట చెవిన పడింది గానీ మనసులోకి పోలేదు. ఎనిమిది, తొమ్మిది, పది. ఇంక అయిపోయినట్టే, గెలిచినట్టే. ఒంట్లో ఉండే బరువంతా దిగిపోయింది. ఇంకో పదేండ్లు నడవచ్చు, వెలుగూ నీడా చాలు.

పదకొండు.

"ఇదో, ఈడే" అని కట్టెతో కుడి తట్టు చూపించినాడు. "ఈ గడ్డి దాటితే మెట్ల మాదిరి రాళ్ళుంటాయి. దిగండి నాయనా, మీరు ముందు పొండి."

చక్రధర్ ఉషారుగా గడ్డిని రెండు చేతులతో పక్కకు తోస్తా ముందుకు పోయినాడు. నాలుగడుగులు, ఐదడుగులు.

"నిలబడు నాయనా!" అని మునిలక్ష్మి పెట్టిన కేకకు కొండ మారుమోగింది. "కదలొద్దు! ఆడ నేల లేదు! చెట్ల తలకాయలు నీ కాళ్ళ కింద ఉండాయి!"

చక్రధర్ బూటు కింద గులకరాయి ఒకటి జారింది. అది కిందికి పోయిన శబ్దం ఎంతసేపటికీ రాలేదు. సుజన ఒక్క దూకు దూకి ఆయన సంచి పట్టుకోని ఎనక్కి లాగింది. ఇద్దరూ గడ్డిలో ఎల్లకిలా పడినారు. రేవతి పరుగున వచ్చి మొగుణ్ణి పట్టుకోని ఏడిచేసింది.

చెంగల్రాయుడు నిలబడిన చోటే నిలబడినాడు. కింద నుంచి లోయ గాలి చల్లగా మొగానికి తగిలింది. మెట్ల తావ ఆ గాలి రాదు. ఆ గాలి వచ్చేది గద్దబండ తావ. తన చిన్నప్పుడు నాయన ఆ బండ అంచుకు పోనిచ్చేవాడు కాదు. చక్రధర్‌ను తానే, తన నోటితోనే, దిగు నాయనా అని ఆ అంచుకు పంపినాడు. చేతిలోంచి కట్టె జారి పడింది.

సుజన లేచి, దుమ్ము దులుపుకోకుండానే వచ్చి ఎదురుగా నిలబడింది. "ఏందన్నా ఇది? నీకు ఆ అంచు కనబడలేదా?"

అబద్ధాలు లేక కాదు. ఎండ కండ్లలో కొట్టిందనొచ్చు, గడ్డి పెరిగిపోయిందనొచ్చు. రెండేండ్లుగా ఇట్లాంటివి చాలా చెప్పినాడు. రేవతి ఏడుపు వినబడతా ఉంటే ఒక్కటీ నోటికి రాలేదు.

"నాకు కండ్లు కనబడవమ్మా" అన్నాడు. "రెండేండ్లాయె. మీకెవరికీ చెప్పలేదు. చెప్తే ఈ దారి పోతాదని చెప్పలేదు. ఆయన ప్రాణం పోయుంటే నేనేం చేసేవాణ్ణి? తప్పు నాదే."

"ఎవరికీ తెలీదా?"

"ఎవరికీ తెలీదు."

"నాకు తెలుసు" అనింది మునిలక్ష్మి.

చెంగల్రాయుడు ఆ గొంతు కల్లా తిరిగినాడు.

"పోయిన ఉగాదికి కొత్త చీర కట్టుకోని నీ ఎదురుగా వచ్చి నిలబడితే, 'పండగ పూట ఇంకా తలకు నీళ్ళు పోసుకోలేదా' అన్నావు. ఆ దినమే తెలిసిపోయింది. ఒక రాత్రంతా ఏడ్చినాను, నీకది గూడా తెలీదు." ఆమె కొంగు నడుముకు బిగించుకుంది. "వరలక్ష్మమ్మ యాడికీ పోలేదు. ఆమె కూతురికి బిడ్డలు పుట్టి బడికి గూడా పోతా ఉండారు. నిన్ను ఒంటిగా పంపలేక నేనే పుట్టించినాను ఆ కాన్పు."

అప్పటికి గానీ ఈ మట్టిబుర్రకు ఎక్కలేదు. మోకాలెత్తు బండ, లావు వేరు, గుంతలో నీళ్ళు. పొద్దున్నుంచీ ఆమె గొణిగింది గొణుగుడు కాదు, దారి చెప్పడం. ఆయన దాన్ని కసురుకుంటా, దాంతోనే నడిచినాడు. చెంగల్రాయుడికి ముందు ఎక్కడలేని కోపం వచ్చింది, ఆ ఎనకే ఏడుపొచ్చింది. గడ్డిలో కూలబడి కండువాతో మొగం కప్పుకున్నాడు.

సుజన దుమ్ము దులుపుకుంది. ఫోను తీసి చూసింది. తామున్న చోట ఒక చుక్క, చుట్టూ పచ్చ రంగు, దారి మాత్రం లేదు. "ఇప్పుడు ఎట్ల పోవాల?" అనింది, కోపం ఇంకా పోని గొంతుతో. "పొద్దుంది గానీ ఎంతోసేపు లేదు. ఈడ దారి తెలిసినోళ్ళు నువ్వు తప్ప ఎవరూ లేరు."

చెంగల్రాయుడు మొగం తుడుచుకున్నాడు. "ఒకటి అడగతా చెప్పండమ్మా. నేను ఈ నెత్తి మీదికి వచ్చి రెండు నెలలాయె. ఈ నడుమ ఎవరన్నా వచ్చినారా?"

"పోయిన నెల ముప్పైమంది బ్యాంకోళ్ళను పాత ఆఫీసరు ఈ నెత్తి దాకా తెచ్చి, తిరిగి తీసుకుపోయినాడంట. నేనప్పుడు లేను."

"ముప్పైమందా! మే, ఎనక్కి తిరిగి సూడు. ఎన్ని కుప్పలుండాయి?"

"అదే గదా నేను అనింది! అడుగడుక్కూ ఉండాయి. కొన్నిట్లో మూడు రాళ్ళు, కొన్నిట్లో ఐదు."

చెంగల్రాయుడు నొసలు కొట్టుకున్నాడు. బ్యాంకులో జీతాలు తీసుకునేవాళ్ళు ముప్పైమందీ వరసగా సొంతిండ్లు కట్టేసి పోయినారు! నాయన పెట్టిన గుర్తుల నడుమ ఒక కొత్త ఊరే లేచింది. కట్టెకు తగిలిన ఆ ఇండ్లను గూడా లెక్కేసుకోని ఈయన పదకొండు అనేసినాడు. రేవతి ఏడుపు ఆపి, "అయ్యో, నేనూ కట్టినానే" అనింది. ఎవరికీ ఆ బిడ్డను ఏమీ అనబుద్ధి కాలేదు.

"గద్దబండ ఈడ ఉండాదంటే అసలు గుర్తుల్లో ఆరో దాని తావ ఉండాం. ఇంకా ఐదుండాయి ముందర" అన్నాడు చెంగల్రాయుడు, లేచి నిలబడతా. "నాయన పెట్టిన రాళ్ళు నేలలో దిగబడి ఉంటాయి, యాభై ఏండ్ల వానలు తిన్నవి. కొత్తవి తోస్తే పడతాయి. మే, నువ్వు ముందు నడువు. కుప్ప కనబడితే అడుగు రాయిని కాలితో తోయి. కదిలితే వదిలెయ్. కదలకపోతే నాకు చెప్పు."

"నాకు దారి తెలీదే!"

"నాకు తెలుసు. నాకు కనబడేది లేదు, అంతే గదా. పద."

అట్ల నడిచినారు. ముందు మునిలక్ష్మి, ఆమె గొంతు ఎనకాల చెంగల్రాయుడు, వాళ్ళ ఎనక సుజన, చివర మొగుడు చెయ్యి వదలకుండా రేవతి. "ఇది కదిలింది. ఇదీ కదిలింది. ఇది పడిపోయింది, పాపం ఎవరి ఇల్లో. ఆ, ఇది కదల్లే!" అని మునిలక్ష్మి అరుస్తా ఉంటే, "ఏడు" అన్నాడు చెంగల్రాయుడు. ప్రతి గుర్తు తావా నిలబడి, చుట్టూ ఏముందో చెప్పమన్నాడు. ఎదురుగా రెండు గుట్టలుండాయనింది ఆమె. ఎడమది పొట్టిగా ఉండాదా అని అడిగినాడు. ఉండాదనింది. దాని నెత్తిన ఒంటి చెట్టుండాదా? లేదు, మొద్దుండాది. "పిడుగు పడిందేమో" అని ఆయన ఒక నిముషం బాధపడినాడు. ఆ చెట్టు తనతోబాటే పెరిగిన చెట్టు. అది పోయిన సంగతి గూడా తెలీకుండా ఎన్నిసార్లు దాన్ని దాటి పోయినాడో.

పదకొండో గుర్తు తావ, ఎవరినీ కదలొద్దని చెప్పి, తానే కుడి తట్టు గడ్డిలోకి పొట్ట మీద పాకి పోయినాడు. చేత్తో తడిమినాడు. మొదటి రాతి మెట్టు అంచు చేతికి తగిలింది. ఎనక నుంచి మునిలక్ష్మి, "మెట్లే! కనబడతా ఉండాయి, కిందిదాకా మెట్లే!" అని అరిచింది. ఆ మాట విన్నాక గానీ దిగమని ఎవరితోనూ అనలేదు.

కోనలోకి దిగతా ఉంటే ఎండ పచ్చగా మారింది. యాడో నీళ్ళు పడే చప్పుడు వాళ్ళతోబాటే దిగతా వచ్చింది. చెంగల్రాయుడు ఆ చప్పుడును, తడి మట్టి వాసనను, మొగం మీద ఆడే ఆకుల నీడలను ఒక్కొక్కటే మనసులో దాచుకుంటా దిగినాడు. ఇదే చివరిసారి అని తెలిసి నడిచేవాడు ఎంత మెల్లగా నడుస్తాడో అంత మెల్లగా నడిచినాడు. సుజన గూడా తొందరపెట్టలేదు.

నెమలికోన బంగళా చేరేసరికి పొద్దు వాలతా ఉండాది. గేటు తావ వరలక్ష్మమ్మ ఎదురొచ్చి, "ఏం మునిలక్ష్మీ, నువ్వెట్లొస్తివి?" అని నోరు తెరిచింది. చక్రధర్, రేవతి వసారాలో చాప మీద వాలిపోయినారు. సుజన లోపల్నుంచి కొత్త రిజిస్టరు తెచ్చి బల్ల మీద తెరిచింది. ఆ దారికి అది మొదటి పేజీ. వచ్చినవాళ్ళ పేర్లు రాసింది, బయలుదేరిన టైము, చేరిన టైము రాసింది. తర్వాతి గడి తావ పెన్ను ఆగింది.

"చెంగల్రాయుడన్నా" అనింది, వాకిట్లో నిలబడిన ఆయన కల్లా చూసి. "ఉన్నది ఉన్నట్టు రాయాల్సిందే నేను. నిన్ను ముందర పెట్టి జనాన్ని పంపలేను."

"పంపొద్దమ్మా. అట్లనే రాయండి."

"దారి చూపినవారు అని ఒక గడి ఉంది. ఈరోజుకు ఏం రాయమంటావు?"

ఆ గడిలో తన పేరు ఉండాలనే గదా ఇన్నాళ్ళూ గోడలు తడుముకుంటా బతికింది, కట్టుకున్నదాని దగ్గర గూడా దొంగ మాదిరి ఉండింది. చెంగల్రాయుడు బల్ల కల్లా తిరిగి చెప్పినాడు.

"మునిలక్ష్మి అని రాయండి."

"నేనా!" మునిలక్ష్మి అదిరిపడింది. "నాకేం తెలుసు ఈ దారి! అమ్మా, రాయొద్దమ్మా, ఆయన మతి పోయి చెప్తా ఉండాడు."

"రేపు తిరుగుదారిలో సగం తెలుస్తాది. మళ్ళీసారికి ఇంకో సగం. నాకు తెలిసిందంతా చెప్తా" అన్నాడు చెంగల్రాయుడు. "చెప్పేదానికి కండ్లెందుకు?"

సుజన ఆయన్ని చూసింది, ఆమెను చూసింది. "ఈరోజుకు మునిలక్ష్మి. రేపు నేనూ మీ ఎనకే నడుస్తా, ఆ తర్వాత చూద్దాం" అని పేరు రాసేసింది. పొద్దున్నుంచీ నోరు మూయని మునిలక్ష్మి కొంగుతో కండ్లు ఒత్తుకుంటా నిలబడింది.

ఆ బంగళాకు ఏడు మెట్లు. నాలుగోది ఒక పక్క విరిగి ఉంటాది. చెంగల్రాయుడు చీకట్లో ఎక్కినాడు, వానలో ఎక్కినాడు, నెత్తిన బియ్యం మూటతో ఎక్కినాడు. నిద్రలో లేపి ఎక్కమన్నా ఎక్కుతాడు. ఆయన కట్టెను గోడకు ఆనించి పెట్టి, ఆఫీసరు ముందర, అతిథుల ముందర, చెయ్యి చాపినాడు.

"ఏం మే, చెయ్యియ్యి" అన్నాడు.

మునిలక్ష్మి వచ్చి చెయ్యి పట్టుకుంది. ఒకటి, రెండు అని ఒక్కో మెట్టూ చెప్తా ఎక్కించింది. నాలుగోది రాగానే, "ఇది విరిగుండాది, భద్రం" అనింది.

తెలుసులే అని ఆయన అనలేదు.